జ్వరం దిగిన తర్వాత
(కర్నూలులో చదివిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి స్మరణలో ఈ సాయంత్రం కూడామో ఆ వైద్యుణ్ణి ఈ హాల్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు ఒక్కరూ ఉండరు. కర్నూలు-కడప కాలువ వెంబడి ఊళ్లలో ఆయన చిన్నాపెద్దా అందరికీ అయ్యవారే. నేనూ ఈ పూట అలాగే పిలుస్తాను. ఆయన ఆయుర్వేదం చదివిన మనిషి. నేను కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, ఈ ఊళ్లోనే ప్రాక్టీసు చేసి విరమించుకున్నవాణ్ణి. మా మధ్య వాదనా నడిచింది, స్నేహమూ నడిచింది. ఆయన గుణగణాలు చదవడం కంటే, చివరి సంవత్సరాల్లో ఆయన మనసంతా ఆక్రమించిన సంగతిని మీ ముందు పెట్టడమే నివాళి అనుకున్నాను. అది డెంగీ. డెంగీ వచ్చిన మనిషికి ఇంట్లోవాళ్లు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఎన్నాళ్లు మంచం దిగనివ్వకూడదు అన్నది.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. డెంగీ వైరస్‌ను చంపే మందు ఈ రోజుకీ నా వైద్యంలో లేదు, అయ్యవారి వైద్యంలోనూ లేదు. ఆసుపత్రిలో మేం చేసేది కాపలా కాయడం, రక్తనాళాల్లో నీరు తగ్గితే సెలైన్ పెట్టడం, రక్తం పోతే రక్తం ఎక్కించడం. మిగిలిన పనంతా ఒంటిదే. ఆ ఒంటికి తోడు నిలబడేది ఇల్లు. అందుకే ఇంటి పథ్యం గురించి ఒక సభలో మాట్లాడటం చిన్న విషయమని నేననుకోను.

వానలు సరిగా పడని సీమలో దోమల రోగమేమిటని బయటివాళ్లు అడుగుతారు. కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాది వాన సుమారు 700 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేదు. అయినా డెంగీ మోసే ఏడిస్ దోమకు చెరువూ అక్కర్లేదు, మురుగ్గుంటా అక్కర్లేదు. ఇంట్లో నిలవ పెట్టిన మంచినీళ్లు చాలు. నీటి కరువున్న చోట నీళ్లు నిలవ పెట్టని ఇల్లుంటుందా? కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది, కొన్ని వీధుల్లో ఇంకా ఆలస్యం. వేసవిలో ట్యాంకరు. అందుకే సిమెంటు తొట్టి, నీలం డ్రమ్ము, సంపు, కాగు, కూలరు అన్నీ నిండుగా ఉంటాయి. ఈ దోమ నీటిగీతకు కాస్త పైన తడి గోడకు గుడ్లు అంటిస్తుంది. తొట్టి ఎండిపోయినా అవి నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగిలిన రోజు పిల్లలౌతాయి, వారం పది రోజుల్లో దోమలై ఎగురుతాయి. నీళ్లు పారబోస్తే చాలదు, గోడను రుద్దాలి అనేది ఇందుకే. కుట్టేది కూడా పగటిపూట. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన సంగతి మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. కానీ అది రాత్రి కుట్టే వేరే జాతి దోమ. రాత్రి దోమతెర కట్టుకున్నాం గదా అని నిశ్చింతగా ఉండే ఇంట్లోకి డెంగీ మధ్యాహ్నం వస్తుంది. 2005 చివరినుంచి 2006 దాకా మన సీమ ఊళ్లలో కీళ్లు పట్టేసి జనం గోడలు పట్టుకుని నడిచిన చికున్‌గున్యా మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని మోసిందీ ఈ ఏడిస్ దోమే.

ఇక జ్వరం నడక. కుట్టిన నాలుగు నుంచి పది రోజుల లోపల ఒళ్లు ఒక్కసారిగా కాలిపోతుంది. తలనొప్పి, కళ్ల వెనక పోటు, నడుము విరిగినట్టు నొప్పి, వాంతి. ఇది రెండు నుంచి ఏడు రోజులు. అప్పుడు జ్వరం దిగుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. డెంగీలో ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లో కొందరికి రక్తనాళాల గోడల్లోంచి, కొత్త కుండ చెమర్చినట్టు, రక్తంలోని నీరు బయటికి ఊరుతుంది. అది కడుపులో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. జనం నోట ఎప్పుడూ ఒకటే మాట: కణాలు ఎన్ని ఉన్నాయి? ప్లేట్‌లెట్ కణాల లెక్క అవసరమే, కాదనను. కానీ మనిషిని ముంచేది చాలాసార్లు ఈ నీటి ఊటే. దాన్ని చూపేది రక్తం చిక్కదనాన్ని కొలిచే పీసీవీ అనే పరీక్ష. అది 20 శాతం పెరిగిందంటే ఊట ఉన్నట్టే. రక్తస్రావం లేని మనిషికి కణాలు పదివేలకు దిగేదాకా ఎక్కించే పని సాధారణంగా లేదని మన జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా ఏబై వేలనగానే ఊళ్లో దాతల కోసం పరుగులు మొదలౌతాయి. అదే సమయంలో రోగి పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదని గమనించేవాళ్లుండరు.

మా వదిన సంగతి చెబుతాను. మా అన్నావాళ్లది మైదుకూరు పక్క పల్లె. వదినకు జ్వరం వచ్చింది, రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. డాక్టరు పారాసిటమాల్ రాసి, ఇంటి దగ్గరే ఉండి నీళ్లు బాగా తాగమని పంపాడు. సరైన సలహానే. నేను చేరేసరికి జ్వరం దిగి ఉంది. అన్న ముఖం విప్పారి ఉంది. వదిన అప్పటికే చీర చెంగు దోపుకుని బిందె తీసింది.

"జరం ఇడిసింది గదా మరిదీ, ఇంగేమి? ట్యాంకరు వచ్చిండాది, నాలుగు బిందెలు పట్టుకోని వస్తా" అంది.

అప్పుడే అయ్యవారు ఫోన్ చేశారు. విషయం చెప్పాను.

"జరం దిగిందని మురవద్దు సామీ. పొద్దన్నించి ఆయమ్మ ఒంటికి ఎన్నితూర్లు పోయింది, అది అడుగు. చేతులు తాకి చూడు" అన్నారు.

అడిగితే, తెల్లవారుజామున ఒకసారి, అదీ కొంచెం. చేతులు చల్లగా ఉన్నాయి. కడుపులో ఒకటే నొప్పి అని అప్పుడు చెప్పింది, అంతదాకా ఎవరికీ చెప్పలేదు. రెండుసార్లు వాంతి చేసుకుందని కోడలు చెప్పింది. నేను చేయాల్సిన నిర్ణయం నాకు తెలుసు. కానీ ఆ ఇంట్లో నా మాట కంటే అయ్యవారి మాటే తొందరగా పని చేసింది. "ఇప్పుడు నా కషాయం పనికిరాదు, కారు పిలిపించండి" అని ఆయనే అన్నతో అన్నారు. పొద్దుటూరు ఆసుపత్రిలో పీసీవీ బాగా పెరిగి ఉంది. రెండు రోజులు సెలైన్ మీద ఉంచి పంపారు. బండి ఎప్పుడు కట్టాలో ఎరిగిన వైద్యుడే పెద్ద వైద్యుడు. ఆ ఒక్క గుణం కోసమే ఆయన పేరిట సభ పెట్టొచ్చు.

కాబట్టి ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి: విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం, నల్లటి విరేచనం, మత్తుగా పడి ఉండటం లేదా ఊరికే కలవరపడటం, చేతులు కాళ్లు చల్లబడటం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పథ్యం మాట పక్కనపెట్టి ఆసుపత్రికి. గర్భిణి అయినా, పసిపిల్ల అయినా, షుగరు ఉన్నా ఇవి కనబడేదాకా కూడా ఆగొద్దు. ఒళ్లునొప్పులు తాళలేక డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ మింగడం మన ఊళ్లలో మామూలైపోయింది. డెంగీలో అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో.

ఇప్పుడు పథ్యం దగ్గరికి వద్దాం. చరకసంహితలో చికిత్సాస్థానం మూడో అధ్యాయమంతా జ్వరమే. మాధవనిదానమూ రోగాల వరుసను జ్వరంతోనే మొదలుపెడుతుంది. చరకుడికి డెంగీ వైరస్ తెలియదు, తెలుసని వాదించేవాళ్లతో అయ్యవారు ఏకీభవించేవారు కాదు. కానీ జ్వరపడిన మనిషి అగ్ని మందగిస్తుంది, ఆ అగ్నికి తగ్గట్టు ఆహారం మెట్టుమెట్టుగా ఎక్కాలి అన్న క్రమాన్ని చరకుడు ఎంత ఓపిగ్గా చెప్పాడో చూస్తే గౌరవం కలుగుతుంది. మొదట మండం, అంటే పద్నాలుగు పాళ్ల నీళ్లలో బియ్యం ఉడికించి వంచిన తేట. తర్వాత మెతుకులు తేలే పేయ. తర్వాత నాలుగు పాళ్ల నీళ్లతో మెత్తగా చేసే విలేపి. ఆ తర్వాత అన్నం, పప్పుకట్టు. సోనామసూరి కొత్తబియ్యం కాదు, పాతబియ్యం.

ఈ మండంలో ఉప్పుగల్లు వేసి ఇస్తే మా వైద్యానికీ అభ్యంతరం లేదు, ఆనందమే. డెంగీ రోగికి వట్టి నీళ్లే లీటర్ల కొద్దీ పట్టిస్తే ఒంట్లో లవణాలు పలచనవుతాయి. ఉప్పు, పిండిపదార్థం ఉన్న ద్రవాలు కావాలి. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి కలరా రోగుల్ని బతికించారు. గ్లూకోజ్ బదులు బియ్యప్పిండితో చేసినదీ పనిచేస్తుందని తర్వాత తేలింది. మన జేజమ్మల ఉప్పుగంజి ఆ దారిలోదే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉంటే అదే ఇవ్వండి, లేదంటే ఉప్పుగంజి, పలచటి మజ్జిగ, టెంకాయ నీళ్లు, చీనీకాయ రసం మార్చి మార్చి ఇవ్వండి. పెద్దగ్లాసుతో ఒకేసారి వద్దు. వాంతి వస్తున్న మనిషికి నాలుగు చెంచాలు, కాసేపాగి మళ్లీ నాలుగు చెంచాలు. అయ్యవారు దాహానికి షడంగపానీయం ఇచ్చేవారు: తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్లు, చందనం, కురువేరు, శొంఠి కలిపి నీళ్లు సగమయ్యేదాకా మరిగించి చల్లార్చినవి. అది మందుగా కంటే తాగబుద్ధేసే నీళ్లుగా నాకు నచ్చింది. షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు పళ్లరసాలు, టెంకాయ నీళ్లు డాక్టరును అడిగే ఇవ్వాలి.

దానిమ్మ, బీట్‌రూట్ రసాలు జ్వరం రోజుల్లో మానండి. వాటిలో దోషమేమీ లేదు. వాంతి ఎర్రగా వస్తే అది రసమో రక్తమో ఎవరూ చెప్పలేరు, అదొక్కటే చిక్కు.

లంఖణం పరమౌషధమని పెద్దలన్నారు కదా అంటారు. కడుపుకు బరువు పెట్టొద్దన్నంతవరకు సరే. ఆ పేరు మీద నీళ్లు కూడా పట్టకుండా ఎండగట్టిన ఇళ్లు నేను చూశాను. డెంగీలో అది ప్రాణం మీదికి తెస్తుంది. చరకుడు కూడా లంఖణాన్ని అన్ని జ్వరాలకూ చెప్పలేదు. కృశించిన మనిషికి వద్దన్నాడు. శాస్త్రం పట్టుకున్నవాడు మినహాయింపులతో సహా పట్టుకోవాలి.

ఇక పసర్లు. బొప్పాయి ఆకు గురించి అడగకుండా నన్ను ఎవరూ వదలరు. కోడూరు, కడప పక్క బొప్పాయి తోటలకు కొదవలేదు, సీజనొస్తే ఆకులు చెట్టుమీద మిగలవు. 2013లో మలేసియా వైద్యులు 228 మంది డెంగీ రోగులమీద చేసిన పరీక్షలో ఆకురసం తాగినవాళ్లకు కణాలు కొంత త్వరగా పెరిగాయి. అంతవరకు నిజం. ప్రాణాపాయం తగ్గినట్టు మాత్రం రుజువు కాలేదు. కణాలు రెండో వారానికి తమంతట తామే పెరుగుతాయి కూడా. ఆకు పసరు గ్లాసెడు తాగి, ఆ చేదుకు వాంతులై, ఒంట్లో ఉన్న నీరూ పోగొట్టుకునే రోగికి లాభం కంటే నష్టం ఎక్కువ. తమిళనాడు ప్రభుత్వం డెంగీ కాలంలో నీలవేంబు కషాయం పంచిపెట్టింది. మన నేలవేమే అది. పంచుతూనే ఆసుపత్రి వార్డులు కూడా తెరిచింది. మనవాళ్లు మొదటిది విన్నారు, రెండోది వినలేదు. తిప్పతీగ విషయంలో నేను ఇంకా జాగ్రత్త కోరతాను. కోవిడ్ కాలంలో దాన్ని వారాల తరబడి వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. డెంగీలో కాలేయం అసలే వాచి ఉంటుంది. అయ్యవారితో ఇదే వాదన పెట్టుకున్నాను. ఆయన కొన్నాళ్లు ఆలోచించి, డెంగీ జ్వరం నడిచే రోజుల్లో తిప్పతీగ ఇవ్వడం మానేశారు. శిష్యులకూ అదే చెప్పారు. తన వైద్యాన్ని ప్రేమించే మనిషికే అంత ధైర్యం ఉంటుంది.

మన తెలుగునాట ఈ రెండు వైద్యాల పొత్తు కొత్తదేం కాదు. ఆచంట లక్ష్మీపతి మద్రాసులో ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదానికి వచ్చినవాడు. సంగ్రహణి రోగంతో ఇద్దరు అన్నదమ్ముల్ని పోగొట్టుకుని, తానూ అదే రోగంతో తీసుకుంటున్న యల్లాప్రగడ సుబ్బారావుకు వైద్యం చేసి నిలబెట్టింది ఆయనే. ఆ సుబ్బారావు లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, తర్వాత అమెరికా వెళ్లి, అక్కడి లెడర్లీ పరిశోధనశాలలో బోదకాలుకు హెట్రజాన్ మందు తెచ్చాడు. బోదకాలూ దోమ తెచ్చేదే. ఆ కథలో ఎవరు ఎవర్ని ఓడించారు?

వదిన ఇంటికొచ్చాక ఆకలి మెల్లగా తిరిగొచ్చింది. కోలుకుంటున్నదనడానికి అదే మొదటి గుర్తు. ఒంటిమీద ఎర్రటి దద్దు, మధ్యమధ్య తెల్లటి మచ్చలు, అరచేతుల్లో దురద కూడా ఆ దశలోవే. చూసి భయపడక్కర్లేదు. మా అత్త అదే రోజు నాటుకోడి కోయించబోయింది. అయ్యవారు ఆపించి రెండు పూటలు పెసరకట్టు, మెత్తటి అన్నం, మిరియాల చారు మాత్రమే పెట్టించారు. ఆ తర్వాత పలచటి రాగి అంబలి, కొర్రగంజి. రాగుల్లో వంద గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైన సున్నం ఉంటుంది. అయినా జ్వరం విడిచిన మర్నాడే సంగటి ముద్ద పెడితే కడుపు మోయలేదు. జ్వరరోగికి కట్టు కాచేందుకు చరకుడు చెప్పిన ధాన్యాల్లో పెసలు, సెనగలతో పాటు మన ఉలవలూ ఉన్నాయి. పొయ్యి పక్కన ఉలవకట్టు వాసన తగిలి వదిన అడిగింది కూడా. వేడి చేస్తుందని ఆయన దాన్ని మరో వారం వెనక్కి నెట్టారు. కాకర, ఆగాకర కూరలు, అరటిపండు, గుడ్డు ఒక్కొక్కటే చేరాయి. కోడిపులుసు చివర్లో వచ్చింది, కారం సగం తగ్గించి. ఊరిబిండి కోసం వదిన ఇంకా చాలా రోజులు ఆగాల్సొచ్చింది.

తిండి విషయంలో ఎవరూ ఎదురు చెప్పలేదు. విశ్రాంతి దగ్గరే పేచీ వచ్చింది.

జ్వరం విడిచిన మనిషి బలం వచ్చేదాకా శ్రమ, సంగమం, స్నానం, తిరుగుడు నాలుగూ మానాలని, మానకపోతే జ్వరం తిరగబెడుతుందని చరకుడు చెప్పాడు. స్నానం మాటను నేను పట్టుబట్టను. గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడవచ్చు. కొత్త జ్వరంలో పగటి నిద్ర వద్దన్న మాట కూడా ఆ అధ్యాయంలోదే. డెంగీలో ఒళ్లు కూలబడిన మనిషిని అయ్యవారు పగలైనా నిద్రపోనిచ్చేవారు. కానీ శ్రమ, తిరుగుడు విషయంలో ఆయన ఒక్క మెట్టు దిగలేదు. డెంగీ తర్వాతి నీరసం వారాల తరబడి ఉంటుందని మా పుస్తకాలూ చెబుతాయి. కణాలు తక్కువున్నప్పుడు బరువెత్తి జారిపడితే లోపల రక్తం చిమ్ముతుంది.

సీమలో ఇంటి ఆడమనిషికి ఈ పథ్యం ఎవరు జరిపించాలి? పురుషుడు పడితే మంచం మీదికి గంజి వస్తుంది. ఆడది లేవకపోతే నీళ్లు రావు. నీళ్లు రాకపోతే పొయ్యి వెలగదు, గొడ్లకు కుడితి ఉండదు. అందుకే వదిన జ్వరం దిగిన గంటకే బిందె పట్టింది. ఆమె మొండితనమని నేను అనలేను, ఇల్లు అలా కట్టి ఉంది. అయ్యవారు కషాయం పొట్లాలు ఇవ్వడానికి ముందు అన్నను కూర్చోబెట్టి అడిగారు: రేపు నీళ్లెవరు తెస్తారు, ఎల్లుండి ఎవరు, పాలు పితికేదెవరు? అన్న తలొంచుకుంటే, తనే లేచి పక్కింటికీ ఎదురింటికీ వెళ్లి మాట్లాడి వచ్చారు. పొద్దున బిందెలు ఒక ఇంటివాళ్లు, సాయంత్రం ఇంకో ఇంటివాళ్లు. పాలు అన్నే పితకాలి. పసుపు చేనుకు వదిన వెళ్లకూడదు, చూసి రావడానికి కూడా. ఆ చీటీ రాసి దేవుని గూట్లో పెట్టించారు. నేను ఇన్నేళ్లలో రాసిన ప్రిస్క్రిప్షన్లలో అలాంటిది ఒక్కటీ లేదు. కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా కడప రిమ్స్‌లోనైనా డిశ్చార్జి కాగితం మీద 'విశ్రాంతి' అని రాసి పంపుతాం. ఆ మాటకు ఇంట్లో చేతులెవరివో అడిగే తీరిక మాకు ఉండదు. ఆశా కార్యకర్తలకు మాత్రం ఆ ఇళ్లు తెలుసు. జ్వరం సర్వేకు వెళ్లినప్పుడు ఈ ఒక్క ప్రశ్న కూడా అడగమని ఈ వేదిక మీదినుంచి కోరుతున్నాను: ఈమె లేవకపోతే నీళ్లెవరు తెస్తారు?

రెండు మూడు నెలలకు వదిన జుట్టు గుప్పెళ్లుగా రాలింది. రోగం తిరగబెట్టిందని ఏడ్చింది. గట్టి జ్వరాల తర్వాత అది మామూలే, కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తుంది. నూనెలకు వేలు పోయొద్దు. కడుపునిండా తిని నిద్రపోతే చాలు.

చివరగా, డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం వచ్చి పోతే దాని నుంచే దాదాపు జీవితాంతం రక్ష ఉంటుంది. మిగతా మూడింటికి ఉండదు. రెండోసారి వేరే రకం సోకితే మొదటిదాని కంటే తీవ్రంగా ఉండొచ్చని బ్యాంకాక్ పిల్లల వార్డుల్లో పరిశోధకుడు స్కాట్ హాల్‌స్టెడ్ 1960ల నుంచి చూపిస్తూ వచ్చాడు. కాబట్టి ఒకసారి గండం గడిచిన ఇంట్లో పాత రక్తపరీక్ష కాగితాలు పారేయకండి. మళ్లీ ఎప్పుడు జ్వరం వచ్చినా, ముందు డెంగీ వచ్చిందన్న సంగతి డాక్టరుకైనా వైద్యుడికైనా మొదటి మాటగా చెప్పండి. వారానికోసారి తొట్టి గోడలు రుద్దే పనిని ఆ ఇంటి మగవాళ్లు తీసుకోండి.